ఎవరూ ముందు తినని విందు

రోజూ డిపోకి బయల్దేరే ముందు ఆ కండక్టరు చెంబెడు ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంది. సంగీతం మేష్టార్లు కూడా గొంతుని అంత జాగ్రత్తగా చూసుకోరు. ఆ గొంతు సాయంత్రం దాకా పనిచేయాలి. కిటకిటలాడే బస్సులో వెనక తలుపు దగ్గర నుంచి డ్రైవరు చెవి దాకా, మధ్యలో ఉన్న సంచులనీ మోచేతులనీ సెల్‌ఫోన్ కబుర్లనీ దాటుకుని వెళ్లాలి.

"ముందుకి జరగండి! లోపల ఫుట్‌బాల్ ఆడుకునేంత ఖాళీ ఉంది! తలుపు దగ్గర ఏం పెళ్లిచూపులు జరుగుతున్నాయి? అమ్మా, ఆ సంచికి టిక్కెట్ తీసుకోలేదుగా, ఒళ్లో పెట్టుకోండి. పాపం ఆ పెద్దాయన్ని కూర్చోనివ్వండి. జరిగారా? ఇంకా జరగాలి. ఆఁ, రైట్ రైట్!"

అందుకే ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఊరందరికీ ఆమె రైట్ రైట్ అక్క. తనకంటే పదేళ్లు పెద్ద అయిన డ్రైవరు, ఆమె "బాబాయ్" అని పిలిచే మనిషి, ఆయన కూడా అక్కా అనే అంటాడు. వావి వరసలు బస్సు బయటే ఆగిపోతాయి.

ఆదివారం ఆమెకి సెలవు. గొంతుకి మాత్రం సెలవు లేదు.

ఆమె వెళ్లే సంఘం టైర్ల షాపు మీద ఉన్న హాల్లో కూడుకుంటుంది. కింద టైరు విప్పే సుత్తి దెబ్బలు, పైన ప్రార్థన. రెండూ ఒక్కోసారి బాగా కుదురుతాయి. పాస్టరు గారు "హల్లెలూయ" అనగానే కింద ఠంగుమంటుంది. సంఘంలో అందరూ వెనక బెంచీల్లోనే కూర్చుంటారు. ముందు వరస ఎప్పుడూ కొత్త దుకాణంలా ఖాళీగా ఉంటుంది. రెండో పాట మధ్యలో అక్క లేస్తుంది.

"ముందుకి జరగండి! డ్రైవరు ముందుంటాడు, మీరు వెనక సీట్లో ఏం వెతుకుతున్నారు?"

జరుగుతారు. నవ్వుకుంటూ, గొణుక్కుంటూ, పాట ఆపకుండా జరుగుతారు.

ఆమెని సంఘ పెద్దగా ఎన్నుకున్న తీరు కూడా అలాగే ఉంటుంది. పాత సంఘ పెద్ద తన కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోయాడు. పాస్టరు గారు నిలబడి, ప్రభువు నడిపింపు కోసం కనిపెట్టుకుని ఉండండి, ఎవరి పేరైనా మనసుకి తడితే చెప్పండి అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిస్తే తమ పేరు చెబుతారేమోనని కొందరు మరీ గట్టిగా మూసుకున్నారు. చివరికి పెద్ద టీచరమ్మ లేచింది. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించి పదవీ విరమణ చేసిన మనిషి. ఆమె లేస్తే పాస్టరు గారు కూడా కాస్త నిటారుగా నిలబడతారు.

"ఇంత ప్రార్థన ఎందుకండీ? మనల్ని ఇన్నేళ్లుగా నెట్టుకొస్తున్నది ఎవరు? ఆ పనికి ఒక పేరు పెడితే సరిపోతుంది."

హాలంతా గొల్లున నవ్వింది. చేతులన్నీ లేచాయి. రైట్ రైట్ అక్క మాత్రం కంగారుపడింది.

"నేను పెద్దనేంటి టీచరమ్మ గారూ? మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదు!"

"పిల్లికి ఓటు లేదులే, కూర్చో."

కూర్చోలేదు. ఒక షరతు పెట్టింది. నెలకోసారి ఆరాధన అయ్యాక జరిగే ప్రేమ విందులో సంఘ పెద్ద చివర తినాలి. పాస్టరు గారు కూడా. మిగిలిందే తినాలి. మిగలకపోతే ఇంటికి వెళ్లి తినాలి.

అందరూ పాస్టరు గారి వైపు చూశారు. ఆయన భోజనప్రియుడని చొక్కా బొత్తాలే సాక్ష్యం చెబుతాయి. ఆయన "ఆమెన్" అన్నారు. గొంతు కొంచెం సన్నగా వచ్చింది.

ఆ షరతు వెనక ఉన్నది ఆమె భర్త.

ఆయన వెల్డరు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. తక్కువ మాటలు, ఎక్కువ నిప్పురవ్వలు. ఒంట్లో చక్కెర జబ్బు ఉంది కాబట్టి ఒంటిగంటకి కంచం ముందుండాలి. దాటిందంటే ఆ మనిషి వేరు. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన్ని ఊరికి ఆ చివర ఉన్న ఒక పెద్ద చర్చికి తీసుకెళ్లింది. విందు రోజు. పొద్దుట్నుంచి పని చేసి వచ్చిన మనిషిని మూడో బంతికి ఆగమన్నారు. ఆగాడు. మూడో బంతి వచ్చేసరికి కూర అయిపోయింది, అన్నం అడుగంటింది, గిన్నెలో గరిటె చప్పుడొకటే మిగిలింది. పక్క గది తలుపు సందులోంచి చూస్తే సంఘ పెద్దలు ఫ్యాను కింద కుర్చీల్లో కూర్చుని రెండోసారి వడ్డించుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన పళ్లు కుట్టుకుంటూ బయటికి వచ్చి, ఖాళీ పళ్లెంతో నిలబడ్డ ఈయన భుజం తట్టి, "సర్దుకోవాలి బాబూ, ప్రేమ ముఖ్యం" అన్నాడు.

వెల్డరు పళ్లెం పెట్టేసి ఇంటికి నడిచాడు. ఆ సాయంత్రం భార్యతో ఒక్క మాటే అన్నాడు.

"నీ దేవుడి మీద నాకే కోపమూ లేదే. ఆయన వంటింటి మీదే."

ఆ రోజు నుంచి ఏ చర్చి గడపా తొక్కలేదు. ప్రతి ఆదివారం భార్యని స్కూటరు మీద తెచ్చి టైర్ల షాపు ముందు దింపుతాడు. ఆమె మెట్లెక్కి కనుమరుగయ్యే దాకా చూసి స్కూటరు తిప్పేస్తాడు. ఆమె కోరిక కూడా పెద్దదేం కాదు. ఆయన బాప్తిస్మం తీసుకోవాలని కాదు, ముందు వరసలో కూర్చోవాలని అంతకంటే కాదు. ఒక్క పూట పైకి వచ్చి, అందరితో కలిసి కడుపునిండా తిని దిగిపోతే చాలు. బస్సులో ఎంతమందినైనా ముందుకి జరిపే మనిషి, ఇంట్లో ఒక్క మొగుణ్ణి ఒక్క మెట్టు ఎక్కించలేకపోయింది.

షరతు నిలిచింది. పెద్ద చివర తింటోంది, పాస్టరు చివర తింటున్నారు. పాస్టరు గారికి అందులో ఏదో రుచి తగిలినట్టుంది, ఆ నెలంతా దాని మీదే వాక్యం చెప్పారు. ప్రభువు తువాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు, మనలో పెద్దరికం అంటే కుర్చీ కాదు వంగిన నడుము, అని చెప్పారు. బాగా చెప్పారు. అవసరమైన దానికంటే బాగా చెప్పారేమో. సంఘానికి సేవ జ్వరంలా పట్టుకుంది.

చెప్పులు సర్దుదామని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు వచ్చి ఇంకో పద్ధతిలో సర్దారు. ఆ ఆదివారం సగం మంది తమవి కాని చెప్పుల్లో ఇంటికి వెళ్లారు. చీపురు కోసం ఇద్దరు అన్నదమ్ములు గుంజుకుంటే కట్ట ఊడి పుల్లలు హాలంతా పడ్డాయి. అవి ఏరడానికి పదిమంది పోటీపడ్డారు. అందరూ తమ్ముడనే టైలరు, ముందు బెంచీలో మోకాళ్లూని ప్రార్థిస్తున్న ఒకావిడ చీర అంచు చిరిగి ఉండటం చూసి, ఆవిడ ఆమెన్ అనే లోపు కుట్టేశాడు. బెంచీ మీది దుప్పటితో కలిపి కుట్టేశాడు. నర్సమ్మ మెట్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరి రక్తపోటూ చూడటం మొదలుపెట్టింది. మెట్లెక్కి ఆయాసంగా ఉన్నవాళ్లకి సహజంగానే ఎక్కువే వచ్చేది. దాంతో సంఘం మొత్తం భయపడిపోయి ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకున్నారు.

ఇవన్నీ అక్క ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ చెప్పేది. వెల్డరు నవ్వేవాడు కాదు. కానీ ముద్ద నోటి దగ్గర ఆగేది.

"నిజంగానే మీ పెద్దలు చివర తింటారా?"

"పెద్దలెవరు? నేనే కదా పెద్ద. చివరే తింటా."

"పాస్టరు కూడానా?"

"పాపం, పోయినసారి ఆయనకి పెరుగన్నమే దక్కింది."

వెల్డరు కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "అయితే అది ఒకసారి చూడాలే."

"ఏది?"

"పాస్టరు పెరుగన్నం తినడం."

ఆమె చేతిలో గరిటె జారిపోయింది. కుర్చీ కింద ఉన్న పిల్లి ఎగిరి బల్లెక్కింది.

"నిజంగా వస్తారా?"

"వస్తా. ఒంటిగంటకి కంచం చేతిలో ఉండాలి. లేకపోతే దిగిపోతా. మళ్లీ జన్మలో ఆ మెట్లెక్కమని అడక్కూడదు. ఇంకో మాట. కండక్టరు మొగుడని నాకు పక్కన పెట్టి ఉంచడం, లోపల్నుంచి తెచ్చివ్వడం, ఇలాంటి వేషాలు వేశావంటే అప్పుడే దిగిపోతా. అందరితో పాటు వరసలో నిలబడతా."

ఆ వారమంతా బస్సులో ఆమె ఈ లోకంలో లేదు. ఆస్పత్రి స్టాపుకి కాలేజీ అని, కాలేజీకి మార్కెట్ అని అరిచింది. ఒకరోజు రైట్ రైట్ అనబోయి "ప్రైజ్ ద లార్డ్!" అంది. డ్రైవరు బాబాయ్ అదీ మంచి మాటే కదా అని బండి కదిలించాడు. మెట్టు మీద ఒక కాలు మాత్రమే పెట్టిన పెద్దమనిషి ఈలవేసి బస్సు ఆపి, "అమ్మా, దేవుడి పేరు చెప్పి నా కాలు విరగ్గొడతావా?" అని అడిగాడు.

విందు ఆదివారం వెల్డరు మెట్లెక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్. వెనక బెంచీలో, తలుపుకి అతి దగ్గరగా కూర్చుని హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో పాట వచ్చింది. అక్క లేవలేదు. ఎవరూ ముందుకి జరగలేదు. సంఘం తిరిగి తిరిగి చూసి, వెనక ఎవరున్నారో గమనించి, ఇంకాస్త గట్టిగా పాడింది. వాక్యం అయింది. దీవెన అయింది. బెంచీలు గోడవారకి లాగారు. అన్నం గుండిగ, మాంసం కూర, పప్పు, పెరుగు వరసగా బల్ల మీదకొచ్చాయి. మూత తీయగానే వచ్చిన ఆవిరికి కింద టైర్ల షాపులో సుత్తి కూడా ఒక క్షణం ఆగింది. పాస్టరు గారు భోజనం కోసం ప్రార్థించారు. ఆమెన్.

ఎవరూ కదల్లేదు.

ఈసారి నేను చివర తింటాను అని ప్రతి ఒక్కరూ ఎవరికి వాళ్లు మనసులో తీర్మానించుకుని వచ్చారు. ఎవరూ ఎవరితోనూ చెప్పలేదు. రహస్యంగా చేసే మంచి పని కదా.

ముందు జనమంతా వడ్డించడానికి బల్ల వెనక్కి పరుగెత్తింది. గరిటెలు నాలుగు, పట్టుకున్న చేతులు ఇరవై. బల్లకి ఇవతల ఒక్కరూ లేరు.

"ఇంతమంది వడ్డిస్తే తినేదెవరు? రండి, వరసలోకి రండి!" అని అక్క తరిమింది.

విధేయత గల సంఘం. వచ్చి వరసలో నిలబడ్డారు. వరస మొదట్లో టైలరు తమ్ముడు పడ్డాడు. తనే మొదటివాడని గ్రహించగానే సిగ్గుపడి, వెనకావిడతో "మీరు ముందు వదినా" అని తప్పుకుని వెళ్లి చివర నిలబడ్డాడు. ఆ వదిన గిన్నె వైపు ఒక చూపు చూసి, "అయ్యో, మీరు పెద్దవారు, మీరు ముందు" అని వెనక టీచరమ్మకి దారిచ్చి, తనూ వెళ్లి చివర చేరింది.

"పెద్దదాన్ని కాబట్టే కదా చివర తినాలి!" అని టీచరమ్మ కూడా తోకలోకి నడిచింది.

వరస కదులుతోంది. చక్కగా, బుద్ధిగా, ఎక్కడా తోపులాట లేకుండా కదులుతోంది. మొదటివాళ్లు వెళ్లి చివర చేరుతున్నారు, రెండోవాళ్లు మొదటివాళ్లయి వాళ్లూ వెళ్లి చివర చేరుతున్నారు. కాసేపటికి వరస హాలు చుట్టూ తిరిగి తన తోకని తనే పట్టుకుంది. జాతరలో రంగులరాట్నంలా సంఘం మొత్తం ఖాళీ పళ్లేలతో గుండ్రంగా తిరుగుతోంది. పిల్లలకి అదేదో ఆట అనిపించి కేరింతలు కొడుతూ ఇంకో చుట్టు తిరుగుతున్నారు.

"ముందుకి జరగండి!" అక్క అరిచింది.

జరిగారు. ఇంకొంచెం వేగంగా తిరిగారు.

"ఆకలేస్తున్నవాళ్లు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. పాస్టరు గారి కడుపు మాత్రం మైకు పక్కన నిలబడి ఉండటం వల్ల హాలంతా వినపడేలా సాక్ష్యం చెప్పింది. నవ్వులు పేలాయి. అయినా ఎవరూ పళ్లెం చాచలేదు.

అక్క గోడ గడియారం వైపు చూసింది. ముల్లు ఒంటిగంటకి ఆనుకుని ఉంది. వెనక బెంచీలో వెల్డరు రంగులరాట్నాన్ని చూస్తున్నాడు. మీసం కింద పెదవి అదురుతోంది. నవ్వో, కోపమో, చక్కెర జబ్బో తెలియడం లేదు. ఆమె పరుగున వెళ్లింది.

"ఏవండీ, ఒక్క నిమిషం. రండి, మీరు పెట్టించుకోండి."

"అందరికంటే ముందా? ఏ లెక్కన? వరసలో నిలబడతా అన్నాను కదా. మొదలెక్కడో చూపించు, వెళ్లి నిలబడతా."

ఆమె తిరిగి చూసింది. మొదలు లేదు. ఎక్కడా లేదు.

పాస్టరు గారు దగ్గరికొచ్చి గుసగుసలాడారు. "అక్కా, ఏదో ఒకటి చెయ్యి. నేను మొదలుపెడదామంటే నీ షరతు ఒకటి ఉందాయె."

అప్పుడు ఆమెకి అర్థమైంది. చివర తినమని తను పెట్టిన షరతే ఇప్పుడు కుర్చీ అయి కూర్చుంది. ఫ్యాను కింద కుర్చీ కోసం కొట్టుకున్నట్టే వీళ్లంతా తోక కోసం కొట్టుకుంటున్నారు. కాకపోతే నవ్వుతూ, ప్రేమగా, "మీరు ముందు" అంటూ. ఎవరో ఒకరు ఆ గౌరవం వదులుకుని, అందరి ముందూ ఆకలిగా ఉందని ఒప్పుకుని పళ్లెం చాచాలి. చెప్తే వినరు, చేసి చూపించాలి. చేసేవాళ్లు పెద్దే అయ్యుండాలి.

కానీ ఇన్నేళ్ల తర్వాత మెట్లెక్కి వచ్చిన మొగుడి కళ్ల ముందు సంఘ పెద్ద అందరికంటే ముందు తినాలి. ఆయన ఏది చూసి వెళ్లిపోయాడో అదే, ఈసారి కట్టుకున్న పెళ్లాం చేతుల మీదుగా.

ముల్లు ఒంటిగంట దాటింది. ఆమె పళ్లెం తీసుకుంది. తిరుగుతున్న వరసకి అడ్డంగా వెళ్లి, కూర గిన్నె ఎదుట నిలబడి, ఉప్పునీళ్లతో సాన పట్టిన గొంతుతో అంది.

"నాకు ఆకలేస్తోంది. పెట్టండి!"

రాట్నం ఆగింది. ఒకరి వీపుకి ఒకరి పళ్లెం తగిలి హాలంతా టంగుటంగుమంది.

"అక్కా, నువ్వు చివర కదా?" అన్నాడు టైలరు తమ్ముడు, బల్ల వెనక్కి వెళ్లి గరిటె అందుకుంటూ.

"చివర మీరందరూ ఉన్నారుగా, నాకు చోటెక్కడిది? పెట్టు తమ్ముడూ. ముక్కలు కూడా పడనీ, పులుసొక్కటే పొయ్యకు."

ఆమె గొంతు గట్టిగానే ఉంది. పళ్లెం గిన్నె మీదికి చాచింది. వెనక బెంచీ కిర్రుమని చప్పుడైంది. హెల్మెట్ తీసుకుని లేచే మనిషి చప్పుడది. ఆమె తిరిగి చూడలేదు. అడుగులు తలుపు వైపు వెళ్తాయనుకుంది. అవి దగ్గరికి వచ్చాయి. ఆమె వెనకే ఆగాయి.

"వరస ఇక్కడేనా మొదలు?"

"ఇక్కడే," అంది, గిన్నెలోకి చూస్తూ.

"రెండోవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరు."

"అయితే నేనే." వెల్డరు హెల్మెట్ పక్కనున్న పాస్టరు గారి చేతిలో పెట్టి, పళ్లెం అందుకున్నాడు. చుట్టూ నిలబడ్డ జనం వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. ఆయన అంతమంది ముందు మాట్లాడటం భార్య కూడా ఎప్పుడూ చూడలేదు. "ఏమండీ, వడ్డించేవాళ్లే ఉండి తినేవాళ్లు లేకపోతే ఎలా? అందరూ గేట్లు చేసేవాళ్లే అయితే నేనెవరికి అమ్ముకోవాలి? రండి, నా వెనక నిలబడండి. నాకు కూర ముందు పడితే ఏం పాపం తగలదులెండి, చివర తినే సేవ నాకు అలవాటే లేదు."

ముందు టీచరమ్మ నవ్వింది. తర్వాత ఆపేవాళ్లు లేరు. వెల్డరు వెనక మూడోదిగా టీచరమ్మ నిలబడింది. నాలుగు, ఐదు, ఆరు వాటంతట అవే వచ్చాయి. గరిటెలు నాలుగింటికీ పని దొరికింది. కాసేపట్లో హాలంతా నములుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పాస్టరు గారు మాత్రం హెల్మెట్ పట్టుకుని వరస చివరే నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి వెల్డరు రెండోసారి కూడా తిని, చెయ్యి కడుక్కుని, ఆ దృశ్యం కోసమే ప్రత్యేకంగా బెంచీ లాక్కుని కూర్చున్నాడు. కూర గిన్నె ఖాళీ. పెరుగు ఉంది. పాస్టరు గారు నిట్టూర్చి పెరుగు కలుపుకుంటుంటే వెల్డరు ఉండబట్టలేక లేచి, గరిటె తీసుకుని, గిన్నె అడుగున పనివాడి ఓపికతో గీకి, రెండు ముక్కలు బయటికి తీశాడు.

"తినండి పాస్టరు గారూ. సర్దుకోవాలి."

భార్యాభర్తలిద్దరూ ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటరు మీద ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. మర్నాడు మాత్రం ఆమె గొంతు బస్సు స్టాపుకి రాకముందే వినపడిందని ప్రయాణికులు చెబుతారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా, "మా ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు!" అని చెప్పిందట, చిల్లర ఇస్తూ.

తర్వాతి వారం సంఘం కూర్చుని షరతు మార్చింది. పెద్దా పాస్టరూ చివర తినడం అలాగే ఉంటుంది. అయితే ప్రతి విందులోనూ ఎవరో ఒకరు ముందు తినాలి. అదీ ఒక సేవే, అదీ వంతులవారీగా చేయాలి. ఎవరి వంతో తేల్చే పని వెల్డరుకి అప్పగించారు, ఎందుకంటే ఆయనకి మొహమాటం లేదు. ఆయన ఒప్పుకున్నాడు. వాక్యం అయ్యాక, మూత తీసే వేళకి వస్తానన్నాడు. ఇంకాస్త ముందు రాకూడదా అని పాస్టరు గారు అడిగితే, కూర త్వరగా దింపితే త్వరగా వస్తానన్నాడు.

ఇప్పుడు ఆ సంఘంలో హాలు తుడవమంటే పోటీ పడతారు, గిన్నెలు తోమమంటే పోటీ పడతారు. ముందు తినమంటేనే తప్పించుకుంటారు. వచ్చే నెల ఆ వంతు నర్సమ్మది. ఆ ఆదివారం డ్యూటీ వేయించుకోవాలని ఆవిడ ఇప్పటికే ఆస్పత్రిలో ముగ్గుర్ని అడిగింది. ముగ్గురూ కుదరదన్నారు.